జైలు పరిచర్యకి వెళ్ళేవాళ్ళు తమ మనసు కాపాడుకోవడం ఎలా

జైలు పరిచర్యలోకి కొత్తగా వస్తున్న పాస్టర్లు, సిస్టర్లు, సంఘ పెద్దలు నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. పర్మిషన్ ఎలా తెచ్చుకోవాలి, లోపలికి ఏం తీసుకెళ్ళనిస్తారు, ఎంతసేపు వాక్యం చెప్పాలి, అందరికీ తెలిసిన పాటలేవి. సూపరింటెండెంట్ ఆఫీసులో అరగంట కూర్చుంటే ఇవన్నీ తెలిసిపోతాయి. కానీ ఆ గేటు దాటి ఇంటికొచ్చాక మనకేమవుతుందో ఎవరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను. నేను లూథరన్ పాస్టర్ని, గోదావరి జిల్లాల్లో పని చేస్తున్నాను. నేను వెళ్ళే జైలు పేరు మాత్రం రాయను. లోపలివాళ్ళ కథలు ఎవరివో గుర్తుపట్టే వీలు ఇవ్వకూడదు. మీరూ ఎక్కడ మాట్లాడినా, సంఘంలో సాక్ష్యం చెప్పినా, ఇదే పద్ధతి పెట్టుకోండి.

ఇంగ్లండ్‌లో ప్రతి జైలుకీ చాప్లిన్, అంటే ఖైదీల ఆత్మీయ అవసరాలు చూసే మతగురువు, ఉండాలని 1952 నాటి జైళ్ళ చట్టమే చెబుతుంది. అక్కడ అది జీతమిచ్చే ఉద్యోగం. క్రైస్తవులతో పాటు ముస్లిం, హిందూ, సిక్కు చాప్లిన్లు కూడా ఒకే టీంలో ఉంటారు. ఏదైనా ఘోరం జరిగితే పక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి సాటి ఉద్యోగులుంటారు. ఒకే మతానికి చెందిన ఖైదీలు తగినంతమంది ఉంటే, ఆ మతం నుంచి అర్హత ఉన్న ప్రతినిధిని పెట్టాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు కూడా అంటాయి. మన దగ్గర మనం వెళ్ళేది అనుమతి మీద, సేవగా. జీతం లేదు, టీం లేదు. కాబట్టి ఆ ఏర్పాట్లేవో మనమే చేసుకోవాలి.

మీలో ఏం మారుతోందో గమనించుకోండి

నిద్ర పోతుందేమో, భయంకరమైన కలలు వస్తాయేమో అని కొత్తవాళ్ళు అనుకుంటారు. నాకు ముందు పోయింది ఓపిక. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీవాళ్ళు కొత్త మైకు సెట్టు ఎవరి చందాతో కొనాలి, క్రిస్మస్ స్టార్ ఎంత ఎత్తున కట్టాలి అని వాదించుకుంటుంటే లోపల మండిపోయేది. ముందురోజే బ్యారక్‌లో చూసిన మనిషి కళ్ళముందు మెదిలేవాడు, వీళ్ళకి ఇదా సమస్య అనిపించేది. వాళ్ళ తప్పేమీ లేదు, సంఘమన్నాక మైకు కూడా కావాలి. ఆ కోపం తలెత్తితే జైలు బరువు మోస్తున్నానని గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

తర్వాత వచ్చింది అనుమానం. పిల్లల మీద జరిగిన నేరాల్లో ఉన్నవాళ్ళతో కూర్చున్న రోజుల్లో, మా చిన్నమ్మాయిని పక్కింటి తాతగారు ముద్దు చేసినా నా చూపు అటే ఉండేది. రాత్రి గడియ వేసి పడుకుని మళ్ళీ లేచి చూసుకోవడం మొదలైంది. అన్నిటికంటే ప్రమాదమైనది చివర్న వచ్చేది. అది మొద్దుబారడం. ఒక భూస్థాపన కార్యక్రమం చేసి వచ్చి భోజనానికి కూర్చుంటే, ఎవరిదండీ అని మా ఆవిడ అడిగింది. ఆ క్షణంలో పేరు గుర్తు రాలేదు నాకు. గంట క్రితం ఆ పేరు పట్టుకునే ప్రార్థన చేశాను.

అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990ల్లో దీని గురించి విస్తారంగా రాశాడు. గాయపడినవాళ్ళ బాధ వినేవాళ్ళకీ అంటుకుంటుందని, దయ చూపించడమే పనిగా ఉన్నవాళ్ళకి ఆ దయే అలిసిపోతుందని ఆయన చెప్పాడు. నర్సులకి, సోషల్ వర్కర్లకి వచ్చినట్టే మనకీ వస్తుంది. విశ్వాసం తక్కువైనందుకు వచ్చేది కాదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకి ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు, లేపి మళ్ళీ తినిపించాడు. జైలుకి వెళ్ళే రోజు ఉపవాసం పెట్టుకునే తమ్ముళ్ళకి నేనిదే చెబుతాను. ఆ రోజు కడుపునిండా తిని వెళ్ళండి, ముందురోజు రాత్రి త్వరగా పడుకోండి.

మాట ఇచ్చే ముందు

మనల్ని నలిపేది నేరాల కథలని బయటివాళ్ళు అనుకుంటారు. నా అనుభవంలో అంతకంటే ఎక్కువగా నలిపేది చేతులు కట్టేసినట్టుండే నిస్సహాయత. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి 100 మందిలో 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే మీరు ఎవరి ముందు నిలబడి వాక్యం చెబుతున్నారో వాళ్ళలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు. కోర్టుకి తీసుకెళ్ళే పోలీసు ఎస్కార్ట్ లేక వాయిదా తప్పినవాడు ఉంటాడు, బెయిల్ వచ్చినా ష్యూరిటీ పెట్టే దిక్కులేక ఉండిపోయినవాడు ఉంటాడు. ప్రార్థన అయ్యాక వీళ్ళు మీ పక్కకి జరుగుతారు. "అయ్యగారూ, ఒక్క ఫోన్ చెయ్యండి మా ఆవిడకి. నంబరు చెప్తాను, గుర్తుపెట్టుకోండి చాలు."

ఆ ఒక్క ఫోన్ చెయ్యకండి. జైలు నియమాలకి విరుద్ధం, అది మొదటి కారణం. మీ అనుమతి పోతే మీ తర్వాత వచ్చేవాళ్ళకీ గేటు మూసుకుపోతుంది. రెండో కారణం మీకు సంబంధించింది. ఈ వారం ఒక నంబరు, వచ్చేవారం నాలుగు. అవతల ఆవిడ ఫోన్ ఎత్తదు, లేదా ఎత్తి ఆయనతో నాకు సంబంధం లేదండీ అంటుంది. ఆ జవాబు మోసుకుని మళ్ళీ మీరే లోపలికి వెళ్ళాలి. చూస్తాను, ప్రయత్నిస్తాను అని కూడా అనకండి. మనకది మర్యాదకి అన్న మాట, లోపల ఉన్నవాడికి వారమంతా పట్టుకుని వేలాడే ఆశ. "నేను ఫోన్ చెయ్యకూడదు బాబూ. కానీ నీ పేరు మీద జైల్లోనే ఎవరితో చెప్పాలో వాళ్ళతో చెబుతాను, వచ్చేవారం ఏమైందో నీకు చెబుతాను." ఇంతవరకే అనండి. అని, ఆ పని తప్పకుండా చెయ్యండి. ఏమీ కాకపోయినా కాలేదని వెళ్ళి చెప్పండి.

ష్యూరిటీ విషయంలోనూ అంతే. ఒకరికి మీరు జామీను నిలబడితే రేపు బ్యారక్ అంతా మీవైపు చూస్తుంది. వాళ్ళకి పనికొచ్చే సంగతులు మాత్రం చీటీ మీద రాసి బైబిల్లో పెట్టుకోండి. న్యాయ సహాయానికి 15100 ఉచిత నంబరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ. బెయిల్ ఆర్డరు వచ్చి ఏడు రోజులైనా మనిషి విడుదల కాకపోతే, ఆ సంగతి సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పథకంలో, డబ్బు కట్టలేక ఆగిపోయిన పేద విచారణ ఖైదీకి అర్హతని బట్టి డబ్బు సాయం అందే వీలుంది. కొత్త నేర విచారణ చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ఉంది. ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు, ఉరిశిక్షో జీవిత ఖైదో పడే కేసు కాకుండా, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే అతన్ని బాండు మీద వదలాలి. ఒకటికి మించి కేసులుంటే ఇది వర్తించదు. మనం లాయర్లం కాదు. అయినా ఫలానావాడికి ఇది వర్తిస్తుందేమో చూడండి అని జైలుకొచ్చే న్యాయ సహాయ లాయరు చెవిన వేస్తే, ఆ రాత్రి మీకు నిద్ర పడుతుంది. నాకు ఏ ధ్యానం కంటే ఇదే ఎక్కువ మేలు చేసింది.

కేసు వివరాలు వినకండి

ఏం చేసి లోపలికొచ్చావని అడగకూడదు. అతనే చెప్పడం మొదలుపెడితే మెల్లగా ఆపండి. వకీలుకి తన క్లయింటు చెప్పినదాన్ని బయటపెట్టకుండా మన సాక్ష్య చట్టం రక్షణ ఇచ్చింది. పాస్టరుకీ, ఫాదరుకీ, ఇమాముకీ, పూజారికీ అలాంటి రక్షణ చట్టంలో రాసి లేదు. రేపు మిమ్మల్ని కోర్టుకి పిలిస్తే ఇరుక్కునేది మీరూ అతనూ ఇద్దరూ. నేను ముందే చెప్పేస్తాను. "నీ మనసులో ఉన్నది చెప్పు బాబూ. ఎవరిని, ఎక్కడ, ఎలా అన్నవి నాకొద్దు. అవి లాయరుగారికి చెప్పు." ఒకటి మాత్రం దాచనని కూడా అప్పుడే చెబుతాను. తన ప్రాణం తీసుకుంటానన్నా, ఇంకొకరికి హాని చేస్తానన్నా వెంటనే అధికారులకి చెబుతాను. ఇలా ముందే చెప్పుకుంటే తర్వాత ద్రోహం చేశానన్న బాధ ఉండదు.

మనసుకి కూడా ఇదే మంచిది. పశ్చాత్తాపపడేవాడితో కలిసి ప్రార్థన చెయ్యడానికి రక్తం ఎంత కారిందో తెలియనక్కర్లేదు. ఒకసారి విన్న వివరం చెవిలోంచి పోదు. మీ ఇంట్లో, మీ పిల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది.

చావు కబురు చెప్పాల్సి వస్తే

అన్నిటికంటే బరువైన పని ఇది. ఎవరి తల్లో తండ్రో చనిపోయారని ఇంటినుంచి కబురొస్తే, మీరున్నారు కదా అయ్యగారూ, మీరే చెప్పండి అంటారు అధికారులు. వెనకాడకండి, మీరు చెప్పడమే మేలు. కానీ పద్ధతిగా చెయ్యండి.

ముందు ఆ కబురు నిజమో కాదో ఆఫీసులో రూఢి చేసుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎలా, భూస్థాపనో దహనమో ఎప్పుడు పెట్టుకున్నారు, ఇవన్నీ తెలుసుకున్నాకే మనిషిని పిలిపించండి. బ్యారక్ ముందు నిలబెట్టి చెప్పొద్దు, ఒక గదీ రెండు కుర్చీలూ అడగండి. అక్కడికి రమ్మన్నారంటేనే అతనికి అనుమానం వచ్చేసి ఉంటుంది, ఉపోద్ఘాతంతో సాగదీయకండి. "మీ అమ్మగారు నిన్న సాయంత్రం చనిపోయారు బాబూ." ఇంత సూటిగా చెప్పండి. ప్రభువు పిలిచారు, మంచి చోటికి వెళ్ళారు అన్న మాటలు ఆ నిమిషంలో అతనికి అర్థం కావు, ఆసుపత్రిలో చేర్చారనుకుంటాడు. చెప్పాక మాట్లాడకండి. ఏడ్వనివ్వండి. కాసేపటికి అతనే అడుగుతాడు, ఆఖరి చూపుకి వెళ్ళనిస్తారా అని. శిక్ష పడ్డవాళ్ళు జైలు ద్వారా, రిమాండ్ వాళ్ళు కోర్టు ద్వారా అడగాలి. ఇస్తారో ఇవ్వరో మీ చేతిలో లేదు, ఇస్తారని మాత్రం చెప్పకండి. బయటికొచ్చే ముందు హెడ్ వార్డర్‌తోనూ జైలు డాక్టర్‌తోనూ ఒక మాట చెప్పండి. ఆ రాత్రి అతని పక్కన నెమ్మదైన మనిషిని ఎవరినైనా పడుకోబెట్టమనండి.

ఇక మీ సంగతి. నడివయసు మనిషి, జీవిత ఖైదీ, ఇలాంటి కబురు విని నా చొక్కా జేబు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కుట్టు ఊడి జేబు సగం వేలాడింది. వార్డర్ విడిపించబోతే నేనే వద్దన్నాను. అతని చేతులు వణుకుతుంటే ఆ వణుకు నా ఛాతీలోకి వచ్చేది. ఆ రోజు గేటు బయటికొచ్చాక బండి స్టార్ట్ చెయ్యడానికి కాళ్ళలో సత్తువ లేదు. ఇలాంటి రోజు మీకూ వస్తుంది. ఆ పూట ఇంకో పని పెట్టుకోకండి. సాయంత్రం గృహ కూడిక ఉంటే వేరేవాళ్ళకి అప్పజెప్పండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి, అది అబద్ధం కాదు.

బయటికొచ్చాక

జైల్లో ఒక గేటు మూసుకున్నాకే రెండో గేటు తెరుస్తారు. మనకీ లోపలికీ ఇంటికీ మధ్య అలాంటి ఖాళీ ఒకటి కావాలి. ఒంటరిగా వెళ్ళకండి, ఎప్పుడూ ఇద్దరు వెళ్ళండి. నేనూ మా సంఘ పెద్ద ఒకాయనా వెళ్తాం. తిరిగొచ్చేటప్పుడు గేటు ముందున్న కొట్టు దగ్గర కాదు, అక్కడ ఖైదీల చుట్టాలు ములాఖత్ కోసం ఎదురుచూస్తుంటారు, కాస్త దూరం వచ్చాక టీ కోసం ఆగుతాం. ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఈరోజు మీకు ఏది గుచ్చుకుంది?" ఎవరు ఏం చెప్పారో కాదు, మనకేమైందో చెప్పుకోవాలి. పేర్లు రాకూడదు. చాలా వారాలు "ఏమీ లేదండీ" అనే జవాబుతోనే సరిపోతుంది. కానీ ఉన్నరోజు ఆ టీ రెండో గ్లాసుకి వెళ్తుంది.

ఇంట్లో ఎంత చెప్పాలన్నది ముందే తేల్చుకోండి. మా ఇంట్లో ఒప్పందం ఇది. లోపల విన్నది నేను చెప్పను, ఆవిడ అడగదు. నేనెలా ఉన్నానో మాత్రం దాచను. "ఈరోజు నాకు బాలేదు" అంటే పిల్లల హోంవర్క్ ఆవిడ చూసుకుంటుంది. ఏమీ చెప్పకుండా ముఖం ముడుచుకుని కూర్చుంటే, ఇంట్లోవాళ్ళు తమవల్లే అనుకుంటారు. పాస్టర్ల ఇళ్ళలో పిల్లలకి ఇది మరీ ఎక్కువ. రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం, గంటసేపు ఫోన్ పక్కన పెట్టడం కూడా అలవాటు చేసుకోండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, విన్నది పదేపదే కళ్ళముందుకొచ్చినా, ప్రార్థనకి కూర్చోవాలంటేనే ఒళ్ళు బరువెక్కినా డాక్టర్ని కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, రోజులో ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సంఘానికి తెలిస్తే ఏమనుకుంటారో అన్న టెన్షన్ నాకు తెలుసు. షుగర్‌కి మందు వేసుకుంటున్నట్టు సంఘంలో చెప్పుకుంటాం కదా, దీన్నీ అంతే మామూలుగా చెప్పగలిగే రోజు రావాలి. పాస్టర్లం మనం ముందు చెబితే వస్తుంది.

లోపల ఎవరైనా ప్రాణం తీసుకుంటే

జైల్లో ఏ మరణం జరిగినా 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలపాలి. విచారణ ఉంటుంది, అధికారులకి తలమునకలుగా పని ఉంటుంది. పోయినవారమే అతనితో మాట్లాడిన పాస్టరు ఒకడున్నాడని ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. మీకు మాత్రం ఆఖరి సంభాషణ ప్రతి మాటా తిరిగి వినిపిస్తుంది. అతను నవ్వాడు కదా, ఎందుకు గమనించలేదు అని. అధికారులు అడిగితే తెలిసింది తెలిసినట్టు చెప్పండి, ఊహలు కలపకండి. మీ బిషప్‌కో, పెద్ద పాస్టరుకో ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ వారం బ్యారక్‌కి తప్పకుండా వెళ్ళండి, ప్రసంగం వద్దు, ఊరికే కూర్చోండి. అతని పక్కన పడుకున్నవాళ్ళు భయంలో ఉంటారు. తర్వాతి వారం మీరు సెలవు తీసుకోండి.

బాధితులు మీ సంఘంలోనే ఉంటే

చిన్న ఊళ్ళలో ఇది తప్పదు. ముందు వరుసలో కూర్చునే అక్కగారి కొడుకుని చంపిన కేసులో ముద్దాయి మీ జైల్లోనే ఉండొచ్చు. ఇద్దరికీ మీరే కాపరి అనుకోకండి. అక్కగారితో మీరుండండి, అతని దగ్గరికి వేరే పాస్టర్ని పంపండి. క్షమించమ్మా అని ఆవిడతో అనే తొందర అసలు వద్దు. వీలుంటే ఆవిడకి మీరే ముందు చెప్పండి, నేను ఆ జైలుకి వెళ్తాను కానీ అతన్ని కలవను అని. వేరేవాళ్ళ నోట విన్నదానికీ మీ నోట విన్నదానికీ చాలా తేడా ఉంటుంది.

కొన్ని తేదీలు, కొన్ని చిన్న సంగతులు

ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 దగ్గరకొస్తుంటే క్షమాభిక్ష జాబితా గురించి లోపల గుసగుసలు మొదలవుతాయి. జాబితాలో పేరు లేనివాళ్ళని ఆ తర్వాతి వారం కలవడం చాలా కష్టం. క్రిస్మస్ నెల ఇంకో గడ్డుకాలం. బయట సంఘంలో కార్యక్రమాలు, లోపల కేకు పంచాలి. జనవరి మొదటి రెండు వారాలు మీ వంతు ఇంకొకరు వెళ్ళేలా ముందే డిసెంబరులో మాట్లాడుకోండి.

విడుదలైనవాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. చర్చిలో కలవండి, ఇంట్లో కాదు, మీతో ఇంకొకరు ఉండగా కలవండి. అవసరమైన డబ్బు సాయం సంఘం తరఫున చెయ్యండి. భయపడమని కాదు నేను చెప్పేది. మెకానిక్ షెడ్డు పెట్టుకున్న అబ్బాయి ఒకడు పెళ్ళి కార్డు పట్టుకుని నేరుగా ఆరాధనకి వచ్చాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

లోపలివాళ్ళని మీకోసం ప్రార్థన చెయ్యనివ్వండి. మీ ఇంటి వివరాలు చెప్పక్కర్లేదు, ఈ వారం నేను అలిసిపోయాను, నాకోసం ప్రార్థించండి అంటే చాలు. ఏళ్ళుగా ఇతరుల దయ మీద బతుకుతున్నవాళ్ళకి మనకోసం ఏదో చేసే అవకాశం అది. వాళ్ళ ప్రార్థన రెండు వాక్యాలే ఉంటుంది. నాదీ అలాగే చిన్నదైపోయింది, నేను దాన్ని మేలుగానే లెక్కపెడుతున్నాను.

ఆపాల్సి వస్తే

ఆపడం పాపం కాదు. ఇంట్లో జబ్బు, చిన్నపిల్లలు, సొంత దుఃఖం ఏదున్నా కొన్నాళ్ళు పక్కకి జరగండి. ఐదారేళ్ళు ఏకధాటిగా చేసినవాళ్ళు ఏ కారణం లేకపోయినా కొన్ని నెలలు విరామం తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. కానీ మాయమైపోకండి. లోపలున్నవాళ్ళని చాలామంది అలాగే చెప్పకుండా వదిలేసి ఉంటారు. నెల ముందే చెప్పండి, ఫలానా ఆదివారం నా ఆఖరి రాక అని. మీ చోట వచ్చే మనిషిని కనీసం రెండు మూడుసార్లు వెంటబెట్టుకుని వెళ్ళి ఒక్కొక్కరికీ పరిచయం చెయ్యండి. ఎవరికైనా కనుక్కుని చెబుతానన్న పని మిగిలి ఉంటే, అది ఎంతవరకు వచ్చిందో ఆ మనిషికి కాగితం మీద రాసి అప్పజెప్పండి. సూపరింటెండెంట్‌కి ఉత్తరం ఇచ్చి, మీ పేరు మీదున్న అనుమతిని ఆ కొత్తవారి పేరుకి మార్పించాకే బయటికి రండి.